పున్నమి దీపం, పోలి దీపం: ఒకే మంట రెండు వెలుగులుగా ఎందుకు కనిపిస్తుంది

కార్తీక పౌర్ణమి రాత్రి కోటిపల్లి రేవులో వెలిగించిన దీపానికీ, పదిహేను పదహారు రోజుల తర్వాత పోలి పాడ్యమి తెల్లవారుజామున అదే రేవులో అరటి దొప్పలో వదిలిన దీపానికీ నూనెలోనూ వత్తిలోనూ తేడా ఉండదు. అయినా రెండోదే ఎక్కువ వెలుగుతున్నట్టు అనిపిస్తుంది. భక్తి సంగతి పక్కన పెడితే, ఇందులో ఒక లెక్క ఉంది. ఒక చోట ఎంత వెలుగు పడుతోందో కొలిచేది లక్స్‌లలో. నిండు చందమామ నేల మీద పరిచే వెన్నెల సుమారు పావు లక్స్. ఒక కొవ్వొత్తి మీటరు దూరంలో ఇచ్చే వెలుగు ఒక లక్స్. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, రెండు మీటర్ల అవతల కొవ్వొత్తీ పున్నమి చంద్రుడూ సరిసమానం. అంతకంటే దూరాన నిలబడ్డవాళ్లకు ఆ రాత్రి దీపం అలంకారమే. నేలను చూపించేది చంద్రుడు.

పోలి పాడ్యమి అమావాస్య మర్నాడు వస్తుంది. తెల్లవారుజామున ఆకాశంలో చంద్రుడు ఉండడు. దానికి తోడు, చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు కావాలి. వీధి దీపాలు లేని దారిన ఇంటి నుంచి కాలవ గట్టు దాకా నడిచేసరికి ఆ పనిలో చాలా భాగం అయిపోతుంది. అలా సిద్ధమైన కంటికి, నల్లటి నీటి మీద, పోటీ వెలుగేదీ లేకుండా దీపం కనిపిస్తుంది. దీపం మారలేదు, చుట్టూ ఉన్నది మారింది.

కొవ్వొత్తి వెలుగు గురించి గమనించగలిగిన విషయాల్లో చాలా వరకు ఈ కోవకే చెందుతాయి. మంట దాదాపు ఎక్కడైనా ఒకే పని చేస్తుంది. గాలి, తడి, గోడ, నీరు, చూసే కన్ను మాత్రం చోటును బట్టి మారతాయి. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలు గౌతమి, వసిష్ఠ, వైనతేయల మధ్య నేల ఈ తేడాలు చూడటానికి భలే అనువైనది. భూమి బల్లపరుపు, అడుగడుక్కీ కాలవో చెరువో, ఒక పక్క ఉప్పు గాలి, చలికాలం వరి చేల మీద పొగమంచు.

ముందు మంట సంగతి. కొవ్వొత్తిలో కాలేది మైనపు ఆవిరి. 50–60 డిగ్రీల దగ్గర కరిగిన మైనం వత్తి పోగుల సందుల్లోంచి పైకి పాకి, అక్కడి వేడికి ఆవిరై, గాలిలోని ఆక్సిజన్ కలిసిన చోట మండుతుంది. ప్రమిదలో నువ్వుల నూనె చేసేదీ ఇదే. కొవ్వొత్తిని ఆర్పగానే లేచే తెల్లటి పొగకు అగ్గిపుల్ల చూపిస్తే, మంట ఆ పొగ వెంటే కిందికి దిగి వత్తిని అంటుకుంటుంది. ఆవిరే కాలుతోందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. 1860–61 శీతాకాలంలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే పిల్లలకు ఒక్క కొవ్వొత్తి మీదే ఆరు ఉపన్యాసాలు ఇచ్చింది ఇలాంటి రుజువులు చూపిస్తూనే.

మంట అడుగున నీలం, వత్తి చుట్టూ చీకటి, పైన పసుపు. వెలుగులో దాదాపు అంతా ఆ పసుపు భాగానిదే. అక్కడ పూర్తిగా కాలని మసి రేణువులు వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో మెరుస్తుంటాయి. చెంచా అడ్డం పెడితే నల్లబడేదీ అక్కడే. రోహిణి కార్తె ఎండలో తెల్ల గోడ ముందు కొవ్వొత్తి వెలిగించి చూస్తే మంటకు కూడా నీడ పడుతుంది. నీలం భాగం జాడ సరిగా తెలియదు, పసుపు భాగం మాత్రం గోడ మీద మసకగా కనిపిస్తుంది. సూర్యకాంతిని అడ్డుకునేది ఆ మసే. రాత్రి వెలుగిచ్చిన పదార్థమే పగలు నీడనిస్తోందన్నమాట.

దీపం అన్ని వైపులా ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత ల్యూమెన్. ఈ మంట మొత్తంగా ఇచ్చేది 12 ల్యూమెన్ల చిల్లర. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇచ్చేది 800 పైమాటే. కాబట్టి కొవ్వొత్తి వెలుగు చాలా తక్కువ. చుట్టుపక్కల చిన్న మార్పు జరిగినా అందులో కొట్టొచ్చినట్టు కనిపించేది అందుకే.

గాలితో మొదలు పెడదాం. ‘గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం’ అనే సామెత పుట్టిన నేలకు గాలి దెబ్బ గురించి వేరే చెప్పనక్కర్లేదు. కానీ ఏ వేళ గాలి అన్నది ముఖ్యం. డెల్టాలో మధ్యాహ్నం నుంచి పొద్దుపోయేదాకా సముద్రం వైపు నుంచి నేల మీదికి గాలి తోలుతుంది. పొద్దుపోయాక నేల చల్లబడే కొద్దీ అది నెమ్మదించి, రాత్రికి దిశ మారుతుంది. వాతావరణంలో వేరే అలజడి లేకపోతే నేల దగ్గర గాలి బాగా తగ్గేది తెల్లవారుజామునే. పోలి దీపాలు నాలుగింటికీ అయిదింటికీ వదలడం వెనక ఆచారం ఏదైనా, దొప్ప కాలవలో పది గజాలు సాగేదాకా మంట నిలవడానికి అంతకంటే మంచి వేళ దొరకదు. సాయంత్రం ఆరింటికి అంతర్వేది ఒడ్డున అదే దొప్ప వదిలితే రెండు నిమిషాలు నిలవడం గగనం.

కదలని గాలిలో ఒంటరి కొవ్వొత్తి అసలు రెపరెపలాడదు. తలుపులూ కిటికీలూ మూసి, ఫ్యాను ఆపి, ఊపిరి తగలనంత దూరంలో కూర్చుంటే మంట గీసిన బొమ్మలా నిలబడుతుంది. రెపరెపలాడటం కొవ్వొత్తి స్వభావమని సినిమాలు మనకు నేర్పాయి. ఆ లెక్కన బజారులో అమ్మే ఎల్‌ఈడీ కొవ్వొత్తులు కూడా అనుకరించేది కొవ్వొత్తిని కాదు, కిటికీ సందును.

మంట పెద్దదైతే మాత్రం గాలి లేకపోయినా ఊగుతుంది. కార్తీక పౌర్ణమికి 365 వత్తుల కట్టను ఒకేసారి వెలిగించినప్పుడు చూడవచ్చు. మంట పైకి లేస్తుంది, కొస తెగిపోతుంది, మళ్లీ లేస్తుంది. వేడి వాయువు పైకి పరుగెత్తుతుంటే చుట్టూ ఉన్న చల్లగాలి దానితో రాసుకుని సుడులు పుడతాయి. ఒక్కో సుడి పైకి పోతూ మంట కొసను తుంచుకుపోతుంది. ఈ ఊగు వేగం మంట అడుగు వెడల్పు మీద ఆధారపడుతుంది. పది సెంటీమీటర్ల వెడల్పు మంట సెకనుకు సుమారు అయిదు సార్లు, మీటరు వెడల్పున్న భోగి మంట ఒకటిన్నర సార్లు ఊగుతుంది. వెడల్పు నాలుగు రెట్లైతే వేగం సగమవుతుంది. వత్తుల కట్ట మంట చురుగ్గా, భోగి మంట తీరిగ్గా ఆడటానికి కారణం ఇదే.

నవంబరు 2న సమాధుల పండుగ నాడు ఒకే సమాధి మీద పక్కపక్కనే పెట్టిన కొవ్వొత్తుల్లో ఇంకో విశేషం ఉంది. బాగా దగ్గరగా ఉన్న రెండు మంటలు ఒకదాని వైపు ఒకటి వంగుతాయి. ప్రతి మంటా చుట్టూ ఉన్న గాలిని తన వైపు లాక్కుంటుంది, మధ్యలో గాలి అందే దారి ఇరుకు కాబట్టి బయటి గాలి రెండింటినీ లోపలికి నెడుతుంది. అవి ఊగే మంటలైతే, దగ్గరగా ఉన్నప్పుడు రెండూ ఒకే తాళంలో ఊగుతాయి. కొంచెం ఎడంగా జరిపితే ఒకటి లేచినప్పుడు ఇంకొకటి తగ్గుతుంది. జపాన్‌లో దీన్ని ప్రయోగశాలలో కొలిచారు. శ్మశానం గోడ మీద వరసగా పెట్టినవాటిలో గాలి పడిపోయిన క్షణాన దొరకవచ్చు.

మంటకు మొనదేలిన ఆకారం ఎందుకు వస్తుందన్నదీ గాలి కథే. వేడి వాయువు తేలిక, అది లేస్తుంటే మంట సాగుతుంది. 1992లో అమెరికా స్పేస్ షటిల్‌లో, తర్వాత రష్యా మిర్ అంతరిక్ష కేంద్రంలో కొవ్వొత్తి వెలిగించినప్పుడు బరువు లేని చోట వేడి గాలి పైకి పోలేదు. మంట గుండ్రంగా, నీలంగా, మసకగా ఉండిపోయింది. ఇంటి దగ్గర దీనికి దగ్గరి బంధువు ఒకటుంది. అద్దాలు మూసిన కారు ముందుకు దూకినప్పుడు మనుషులు వెనక్కి తూలుతారు, గాజు చిమ్నీలో మంట ముందుకు వంగుతుంది. బరువైన చల్లగాలి వెనక్కి చేరితే తేలికైనది ముందుకు పోతుంది మరి.

ఇక తేమ. డెల్టాలో తేమ ఎక్కువ కాబట్టి దీపం సరిగా వెలగదని ఒక మాట తరచూ వినిపిస్తుంది. ఇది నిలబడదు. 30 డిగ్రీల దగ్గర గాలి పట్టగలిగినంత ఆవిరి పట్టినా, ఆ ఆవిరి గాలిలో నాలుగు శాతం చోటు మాత్రమే ఆక్రమిస్తుంది. దాంతో ఆక్సిజన్ 21 శాతం నుంచి 20 దగ్గరికి దిగుతుంది. కొవ్వొత్తి ఆరిపోవడానికి అది 16 దగ్గరికి పడాలి. తుపాను రోజుల్లో గాలి ఒత్తిడి తగ్గి దీపాలు చిన్నబోతాయన్నది కూడా ఇలాంటిదే. పెద్ద తుపానులో తగ్గే ఒత్తిడి అయిదు శాతం అటూ ఇటూ, మంటకు అది ఒక లెక్క కాదు.

చిటపటలాడేది వత్తి తడి వల్ల. ముసురులో వారం రోజులు అటక మీద పడున్న దూది వత్తి నీటిని పీల్చుకుని ఉంటుంది. నూనె వేడికి ఆ నీటి బొట్టు చటుక్కున ఆవిరై పేలుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో అయితే ఉప్పు కూడా చేరుతుంది. గ్యాసు పొయ్యి మీద పులుసు పొంగినప్పుడు నీలి మంట ఒక్కసారిగా పసుపెక్కుతుంది. ఉప్పులోని సోడియం 589 నానోమీటర్ల దగ్గర వెలువరించే రంగు అది. కొవ్వొత్తి పసుపు దీనితో పోలినట్టు కనిపిస్తుంది గానీ వేరు. పాత సీడీని వంచి దాని మీద మంట ప్రతిబింబం చూస్తే ఎరుపు నుంచి నీలం దాకా రంగులన్నీ తెగకుండా పరుచుకుంటాయి, ఎరుపు దండిగా, నీలం పేదగా. సోడియం అయితే ఒకే ఒక పసుపు గీత.

గాలిలో కలిసిపోయిన ఆవిరి కంటికి కనిపించదు, వెలుగును ఏమీ చేయదు. అది చుక్కలుగా మారినప్పుడు కథ మొదలవుతుంది. ధనుర్మాసంలో వరి చేల మీద దిగే పొగమంచు చుక్కలు మిల్లీమీటరులో వందో వంతు ప్రాంతంలో ఉంటాయి. వెలుగు అలల కంటే ఇవి చాలా పెద్దవి, అందుకే అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. పసుపు దీపం మంచును చీల్చుకుపోతుందని లారీ వాళ్ల దగ్గర నుంచి అందరూ నమ్మేదానికి ఈ మేరకు ఆధారం లేదు. మంచులో దీపం చుట్టూ ముద్దగా తెల్లటి బుడగ ఏర్పడుతుంది. మంట నుంచి నేరుగా రావలసిన వెలుగు పక్కలకు పోయి, పక్కల నుంచి రాకూడనిది వస్తుంది. దీపం పెద్దదైనట్టు ఉంటుంది, వెలిగే మేర మాత్రం కుంచించుకుపోతుంది. అగరొత్తి పొగది ఇంకో దారి. ఆ రేణువులు చాలా చిన్నవి, నీలాన్ని ఎక్కువ చెదరగొడతాయి. నల్లటి గర్భగుడి వాకిలి ముందు, పక్క నుంచి దీపం వెలుగు పడ్డ పొగ నీలంగా కనిపించడం అందువల్లే.

వీటన్నిటిలో అందమైనది డెల్టాలో ఉచితంగా దొరుకుతుంది. ఏసీ గదిలోంచి బయటికి రాగానే కళ్లద్దాలకు ఆవిరి పడుతుంది. తుడవకుండా, నాలుగైదు మీటర్ల దూరంలో ఉన్న కొవ్వొత్తిని చూస్తే దాని చుట్టూ తెల్లటి బిళ్ల, దాని అంచున ఎర్రటి వలయం కనిపిస్తాయి. చుక్క ఎంత చిన్నదైతే వలయం అంత పెద్దది. చుక్క అడ్డుకొలత మిల్లీమీటరులో వందో వంతైతే ఆ అంచు మంట నుంచి సుమారు నాలుగు డిగ్రీల ఎడంగా, అంటే చాచిన చేతికి రెండు వేళ్ల వెడల్పున పడుతుంది. చుక్కలు కలిసి పెద్దవయ్యే కొద్దీ వలయం లోపలికి ముడుచుకోవడం పది సెకన్లలో చూసేయవచ్చు.

నీటి దగ్గర కొవ్వొత్తి రెండు విరుద్ధమైన పనులు చేస్తుంది. కాలవ మెట్టు మీద పెడితే మెట్టు కింది నీరు నల్లగానే ఉంటుంది, దీపం దాన్ని వెలిగించలేదు. అవతలి గట్టు నుంచి చూసేవాళ్లకు అదే నీటి మీద బంగారు చార కనిపిస్తుంది. నీరు వెలుగును నేలలా చుట్టూ వెదజల్లదు. పడ్డ వెలుగులో కొంత అద్దంలా ఒకే దిక్కుకు పంపి, మిగతాది లోపలికి తీసుకుంటుంది. ఎంత పంపుతుందన్నది చూపు వాలును బట్టి ఉంటుంది. నిట్టనిలువుగా తొంగి చూస్తే తిరిగొచ్చేది రెండు శాతమే. నీటికి పది డిగ్రీల వాలులో చూస్తే మూడో వంతు పైచిలుకు. అయిదు డిగ్రీలకు దిగితే సగం దాటుతుంది. భీమవరం చుట్టుపక్కల చేపల చెరువు గట్టున గాలి లేని రాత్రి అవతల ఒక లాంతరు ఉంటే, నీటిలోని లాంతరు పైదానికి పెద్దగా తీసిపోదు.

అలలు లేస్తే ప్రతిబింబం చార అవుతుంది. ప్రతి చిన్న అలా ఒక వంగిన అద్దమే. చూసేవాడి వైపు, దీపం వైపు సరైన వాలులో వంగిన అలలన్నీ తలా ఒక మెరుపు పంపుతాయి. అవి దీపానికీ కంటికీ మధ్య గీతలోనే ఎక్కువగా దొరుకుతాయి, పక్కకు పోయే కొద్దీ అరుదు. అందుకే చార పొడవుగా, సన్నగా ఉంటుంది, ఎవరు చూస్తే వాళ్ల వైపే వస్తుంది. నరసాపురం రేవులో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు ఒకే దీపానికి రెండు వేర్వేరు చారలు చూస్తారు. పంటు కదిలితే ఎక్కినవాళ్ల చార వాళ్లతోపాటే వెళుతుంది.

తడి నేలకూ ఇదే లెక్క. వాన వెలిసిన వాకిట్లో కొవ్వొత్తి పొడి వాకిట్లో కంటే తక్కువ వెలుగిస్తున్నట్టు ఉంటుంది, ఎందుకంటే తడిసిన మట్టి నల్లబడి వెలుగును మింగేస్తుంది. అదే వాకిట్లో దట్టంగా వేసిన బియ్యప్పిండి ముగ్గు మధ్య ప్రమిద పెడితే ముగ్గు గీతలే దీపాన్ని చుట్టూ పంచుతాయి.

ఎంత దూరం కనిపిస్తుందన్న ప్రశ్నకు చాలాకాలం గాలి కబుర్లే జవాబు. చీకట్లో కొవ్వొత్తి పదుల కిలోమీటర్లు కనిపిస్తుందని పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. 2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు మంటను నక్షత్రాలతో పోల్చి కొలిచి, మామూలు కంటికి దాదాపు రెండున్నర కిలోమీటర్లే హద్దని తేల్చారు. గౌతమి పాయ మీద చాలాచోట్ల లంక నుంచి గట్టుకు అది సరిపోతుంది, అమావాస్య అయి, మంచు లేకుండా ఉంటే.

1996 నవంబరు 6న తుపాను కోనసీమను చీల్చి వెళ్లింది. దీపావళికి అప్పటికి నాలుగు రోజులుంది. స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేని ఇళ్లలో కొవ్వొత్తే గతి అయింది. అలాంటి రాత్రుల్లో గది గోడలకున్న విలువ తెలుస్తుంది. కొత్తగా సున్నం కొట్టిన గోడ పడ్డ వెలుగులో 80 శాతం తిప్పి పంపుతుంది. అది ఎదుటి గోడ మీద పడి మళ్లీ 80 శాతం వస్తుంది. గదంతా, కప్పుతో సహా, అలాంటిదైతే ఈ రాకపోకలన్నీ కలిసి కొవ్వొత్తి వెలుగు అయిదు రెట్ల దాకా పెరుగుతుంది. పొగచూరిన తాటాకు పాకలో 20 శాతమే తిరిగొస్తే పెరుగుదల నాలుగో వంతు మాత్రమే. ఒకే కొవ్వొత్తి, నాలుగు రెట్ల తేడా. కిటికీ తెరిస్తే ఆ మేర నల్ల గోడ పెట్టినట్టే, వెళ్లిన వెలుగు తిరిగి రాదు. మండువా లోగిలి మధ్య ఆకాశానికి తెరుచుకున్న చోటు రాత్రి పూట ఇలాంటి పెద్ద నల్ల గోడే. చుట్టూ వసారాల్లో దీపాలు ఎక్కువ కావలసి వచ్చేది అందుకు కూడా.

పాత ఇళ్లలో గోడలోని దీపపు గూడు గాలిని మూడు వైపులా ఆపుతుంది, వెనక గోడ వెలుగును ముందుకు తోస్తుంది. కానీ అది మసిబారిన కొద్దీ రెండో పని మానేస్తుంది. మసి తుడిచి సున్నం పూస్తే వత్తి పెంచకుండానే వెలుగు పెరుగుతుంది. గూటి కంటే అద్దం ముందు పెట్టడం మేలని కొందరంటారు. నిజమే, గానీ అద్దాన్ని ఏటవాలుగా చూస్తే ఒక మంట వెనక ఒకటి వరసగా అయిదారు మంటలు కనిపిస్తాయి. గాజు ముందు తలం మసకగా ఒకటి చూపిస్తుంది, వెనక పూత బాగా చూపిస్తుంది, ఆ రెంటి మధ్య గాజులో తిరిగే వెలుగు మిగతావి పుట్టిస్తుంది. వరసలో రెండోది అన్నిటికంటే ప్రకాశంగా ఉండేది అందువల్ల.

తొలకరి వానలకు ఉసిళ్ళు దీపం చుట్టూ ముసురుతాయి. కింద పళ్లెంలో నీళ్లు పెడితే అందులో పడతాయని ప్రతి ఇంట్లోనూ తెలుసు. దీపాన్ని చంద్రుడనుకుని దారి తప్పుతాయన్నది పాత వివరణ. 2024లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం, ఎగిరే పురుగులు వెలుగున్న వైపే పై అనుకుని వీపు అటు తిప్పుతాయి. ఆకాశం కంటే దీపం కాంతిగా ఉంటే, వీపు దాని వైపు తిప్పుతూ చుట్టూ గింగిరాలు కొడతాయి.

మూసిన చోట కొవ్వొత్తి గురించి బడిలో చెప్పే ఒక ప్రయోగాన్ని సరిదిద్దాలి. పళ్లెంలో నీళ్లు పోసి, కొవ్వొత్తి నిలబెట్టి, పైన గ్లాసు బోర్లిస్తే మంట ఆరి నీరు పైకెక్కుతుంది. అయిదో వంతు ఎక్కింది కాబట్టి ఆక్సిజన్ అయిదో వంతు అని చెప్పేస్తారు. మంట ఆరేటప్పటికి గ్లాసులో ఆక్సిజన్ ఇంకా చాలా మిగిలి ఉంటుంది. నీరు ప్రధానంగా ఎక్కేది వేడి గాలి చల్లబడి కుదించుకోవడం వల్ల. మంట ఆరిన తర్వాతే నీరు గబగబా లేవడం గమనిస్తే సరిపోతుంది.

ఈ పొరపాటు బడిలో మార్కులతో పోతుంది, నుయ్యి దగ్గర అలా పోదు. పూడిక తీయడానికి నూతిలోకో, మురుగు ట్యాంకులోకో దిగే ముందు లాంతరు దించి చూడటం పాత అలవాటు. దీపం ఆరితే దిగకూడదన్నది సరైన మాటే. ఆరకపోతే దిగవచ్చన్నది కాదు. కుళ్లిన బురద నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో వెయ్యో వంతుంటే మనిషిని నిమిషాల్లో చంపుతుంది, మంటకు మాత్రం ఏమీ కాదు. అదే బురద మీథేన్ కూడా వదులుతుంది. అది గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య చేరి ఉంటే, దించిన దీపమే పేలుడుకు నిప్పు అవుతుంది.